ఖాళీ గిన్నె వాపసు చేయరాదు

పొట్నూరు భీమేశ్వరరావుగారు రిటైరై ఏడాది కావస్తోంది. ఓడరేవు ఆఫీసులో ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్లో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి, సూపరింటెండెంటుగా దండ వేయించుకుని, శాలువా కప్పించుకుని ఇంటికొచ్చాక ఆయనకో సంగతి తెలిసొచ్చింది. మనిషికి ఆఫీసు లేకపోయినా గడుస్తుంది గాని, సర్క్యులరు లేకపోతే గడవదు.

మొదట్లో ఇంట్లోనే సరిపెట్టుకున్నారు. పాల గిన్నె మీద మూత పెట్టే విషయమై ఒకటి, బాత్రూములో లైటు ఆర్పే విషయమై ఒకటి, చక్కగా విషయం, సూచిక, తేదీ వేసి రాసి ఫ్రిజ్జుకి అంటించేవారు. భార్య కనకమహాలక్ష్మి వాటిని చదివిన పాపాన పోలేదు. వెనకవైపు తెల్లగా ఉంటుంది గనక సరుకుల చీటీలకు వాడుకునేది. కింది ఉద్యోగి సహకారం లేకుండా పాలన ఎన్నాళ్లు సాగుతుంది? ఆర్నెల్లు తిరిగేసరికి మనిషి బాగా చిక్కిపోయారు.

అలాంటి గడ్డు రోజుల్లో పురపాలక సంఘం నుంచి సాగరమిత్ర కాలనీకి ఒక ఉత్తరం వచ్చింది.

ఈ కాలనీ ఓడరేవు ఉద్యోగులు సహకార సంఘం పెట్టుకుని కట్టుకున్నది. మూడంతస్తుల మేడలు, మొత్తం తొంభై ఆరు వాటాలు. ఓడరేవన్నాక నాలుగు దిక్కుల మనుషులూ వచ్చి చేరతారు. ఒడియా వాళ్లు, బెంగాలీలు, మలయాళీలు, తమిళులు, బీహారు వాళ్లు, మిగిలినవాళ్లు తెలుగువాళ్లు. ఇరవై ఏళ్లుగా కలిసుంటున్నారు. కలిసుంటున్నామన్న సంగతి మాత్రం వాళ్లకెవరూ చెప్పలేదు. ఎండాకాలంలో నీళ్ల ట్యాంకరు దగ్గర కొట్టుకున్నా అంతస్తుల వారీగా కొట్టుకునేవారే తప్ప భాషల వారీగా కొట్టుకోవాలని ఎవరికీ తోచలేదు.

ఉత్తరంలో ఇలా ఉంది: "సర్వజన సమ్మేళన పథకము క్రింద బహుళ సంస్కృతుల సమ్మిళిత సమాజమును స్వచ్ఛంద సేవ, కళలు, సంభాషణ అను మూడు స్తంభములపై క్షేత్రస్థాయిలో నిర్మించవలెను. నిర్మించినట్లు రుజువులు జతపరచవలెను." రుజువులు బాగున్న కాలనీకి పురస్కారం ఇస్తారట.

సర్వసభ్య సమావేశంలో ఈ ఉత్తరం చదివాక అందరూ భీమేశ్వరరావుగారి వైపు చూశారు. ఆయన వద్దువద్దంటూనే లేచి నిలబడి, జేబులోంచి అప్పటికే రాసి తెచ్చుకున్న అంగీకార ప్రసంగం తీశారు. ఆ విధంగా సమ్మేళన సంఘానికి ఆయన కార్యదర్శి అయ్యారు. సహ కార్యదర్శిగా మొదటి అంతస్తు పైడిరాజును తీసుకున్నారు. పైడిరాజు ఆఫీసులో ఆయన కిందే పనిచేసి రిటైరయినవాడు. ఫైలు తెరిచి, సంతకం ఎక్కడ పెట్టాలో అక్కడ పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టి, పేజీ జారకుండా వేలితో నొక్కిపట్టడంలో అతన్ని మించినవాడు లేడు. టిక్కు ఉంటే సంతకం పెట్టడం, లేకపోతే మానేయడం, ఇదీ భీమేశ్వరరావుగారి పరిపాలనా విధానం. ఇన్నేళ్లలో ఒక్క పొరపాటు కూడా తన దృష్టికి రాలేదని ఆయన గర్వంగా చెప్పుకునేవారు. నిజమే, ఆయన వేటినీ చదివితే గదా.

సంఘమైతే ఏర్పడింది, బల్లా కుర్చీలూ వచ్చాయి, రబ్బరు ముద్ర వచ్చింది. ఇక రుజువులే రావాలి. కలిసుండడానికి రుజువు ఏమిటన్నది ఆయనకు మూడు రోజులు అంతుపట్టలేదు. నాలుగో రోజు భోజనాల దగ్గర కనకం ఒక గిన్నెలోంచి దాల్మా వడ్డించింది. కూరగాయ ముక్కలేసి వండే ఒడియావాళ్ల పప్పు అది. ఎదురింటి కుముదినిగారు పంపించారు.

ఆ గిన్నె గురించి చెప్పాలి. ఒక పక్క సొట్టపడిన స్టీలు గిన్నె. అడుగున కనకం పేరు, ఆవిడ పెళ్లి తేదీ చెక్కి ఉంటాయి. పంతొమ్మిదేళ్లుగా అది ఈ గుమ్మానికీ ఆ గుమ్మానికీ మధ్య తిరుగుతోంది. కనకం అందులో పులిహోర పంపితే, కుముదినిగారు కొన్నాళ్లకు దాల్మా పోసి పంపేవారు. ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిరిగివ్వకూడదని మన ఇళ్లల్లో అనుకుంటాం గదా, ఆ ఇంట్లోనూ అదే మాట. ఏమీ లేకపోతే రెండు చెంచాల పంచదార వేసి ఇచ్చేవారు. ఒక్కోసారి ఆ గిన్నె రెండు నెలలు కుముదినిగారి అలమరలోనే ఉండిపోయేది. ఎవరూ అడిగేవారు కాదు.

కుముదినిగారి భర్త దీనబంధు సాహు. ఓడరేవులో క్రేను నడిపి రిటైరయ్యారు. పుట్టింది ఇచ్ఛాపురం పక్కన, చదివింది తెలుగు బడిలో. రోజూ సాయంత్రం ఐదింటికి ఇద్దరు మగవాళ్లూ మెట్ల మీద కూర్చుని అల్లం టీ తాగేవారు. ఒకరోజు ఒకరింటి నుంచి, మరో రోజు ఇంకొకరింటి నుంచి టీ వచ్చేది. పెద్దగా మాట్లాడుకునేదేమీ ఉండేది కాదు. ఓడ కూత వినబడితే అది ఎటు పోతోందో సాహుగారు చెప్పేవారు. ఈయన ఊఁ అనేవారు. భీమేశ్వరరావుగారికి లోకంలో స్నేహితుడంటూ ఉంటే ఆయనొక్కరే, కాకపోతే ఆ మాట ఆయనెప్పుడూ కాగితం మీద పెట్టలేదు గనక ఆయనకు తెలీదు.

దాల్మా కలుపుకుంటూ ఆయన ఆ గిన్నెకేసి చూశారు. చెయ్యి ఆగిపోయింది. ఇదే రుజువు. వేరే సంస్కృతి, వేరే వంట, ఒకటే గిన్నె. దీన్ని పద్ధతిలో పెడితే చాలు. అన్నం సగంలో వదిలేసి లేచి, తెల్లవారేలోగా పదకొండు నిబంధనలు రాసేశారు. వాటిలో ఏడోది ఆయనకు మరీ ముద్దొచ్చింది: "ఏ కుటుంబమునూ ఏ పరిస్థితిలోనూ ఖాళీ గిన్నె వాపసు చేయరాదు. వాపసు గడువు ఇరువదినాలుగు గంటలు."

ప్రతి గిన్నెకూ నంబరు పడింది. గిన్నెతోపాటు ఒక ఫారం వెళ్లాలి. పంపినవారి భాష, అందుకున్నవారి భాష, వంటకం పేరు, అందుకున్నవారి స్పందన నలభై మాటలకు తగ్గకుండా. ఆ స్పందనే సంభాషణ కింద లెక్క. పురపాలక సంఘం నోడల్ అధికారి సర్వోత్తమరావుగారు ఇది చూసి ఫోను చేసి, పరస్పర అవగాహనను పాత్రల స్థాయికి తీసుకెళ్లిన తొలి కాలనీ ఇదేనని మెచ్చుకున్నారు. భీమేశ్వరరావుగారు ఫోను చెవిన పెట్టుకునే లేచి నిలబడ్డారు.

మొదటి వారం పండగలా గడిచింది. మలయాళీలు ఆవిరి మీద ఉడికించే పుట్టు బీహారు వాళ్లింటికి, వాళ్లు నిప్పుల మీద కాల్చే లిట్టీ తమిళుల ఇంటికి. రెండో వారంలో కనకం అసలు మెలిక కనిపెట్టింది.

"నేను పంపానా, ఆవిడ ఖాళీగా ఇవ్వకూడదు గనక ఏదో వేసి పంపింది. ఇప్పుడది ఆవిడ పంపినట్టు గదా. నేను మళ్లీ ఖాళీగా ఇవ్వకూడదు. ఇదెక్కడ ఆగుతాదండీ?"

భీమేశ్వరరావుగారు కాగితాలు తిరగేశారు. ఆగే ఏర్పాటు నిబంధనల్లో లేదు. ఈ మాట ఒప్పుకుంటే నిబంధన తప్పని ఒప్పుకోవాలి, అది ఆయన సర్వీసులో లేని పని. సమ్మేళనం నిరంతర ప్రక్రియ అని చెప్పి తప్పుకున్నారు.

నిరంతరమంటే నిరంతరంగానే సాగింది. తొంభై ఆరు ఇళ్లల్లో పొద్దున లేస్తే గిన్నె, పడుకోబోతే గిన్నె. జనం ఓపిక సన్నగిల్లిన కొద్దీ వంటకాలూ సన్నగిల్లాయి. పాయసం పోయి ఉప్మా వచ్చింది, ఉప్మా పోయి మరమరాలు వచ్చాయి. చివరికి ఎనిమిది ఇళ్ల మధ్య ఒకటే అరటిపండు నాలుగు రోజులు తిరిగి, నల్లబడి, ముప్ఫై రెండు స్పందనలు అందుకుంది. మూడో అంతస్తు మలయాళీ మాస్టారు స్పందన గడిలో "బాగుంది" అని నలభైసార్లు రాశారు. నిబంధన ప్రకారం నలభై మాటలూ ఉన్నాయి గనక ఆమోదించారు.

ఒక్కో లొసుగు బయటపడే కొద్దీ ఒక్కో సవరణ వచ్చింది. తిరుగు వంటకం పంపిన వంటకాన్ని పోలి ఉండకూడదన్నది మొదటి సవరణ. దీనికి మొదట బలైనవి కనకం అరిసెలే. ఆవిడ అరిసెలు పంపితే కుముదినిగారు సంబరపడిపోయి తమ ఇంట్లో చేసిన అరిసె పిఠా పంపారు. పేరూ దగ్గరే, రుచీ దగ్గరే, బియ్యప్పిండీ బెల్లమే రెండూ. "సాంస్కృతిక భేదము చాలనందున తిరస్కరించడమైనది" అని ఫారం వెనక్కొచ్చింది. అంతకుముందు ఆడవాళ్లిద్దరూ నీది మెత్తగా వచ్చిందంటే నీది మెత్తగా వచ్చిందనుకుని మురిసిపోయేవారు. ఇప్పుడు రెండు పళ్లేలూ పక్కపక్కన పెట్టుకుని, ఎక్కడ తేడా చూపించాలా అని వెతుక్కోవలసి వచ్చింది.

మార్పిడికి ఒకటి చొప్పున సంఘం వేసే మార్కులు మాత్రం అందరికంటే ఎక్కువ పైడిరాజు ఇంటికొచ్చాయి. అతని భార్య అలమేలు తమిళావిడ. ఒకే ఇంట్లో రెండు సంస్కృతులున్నాయి గనక గడప దాటకుండానే మార్పిడి చేసుకోవచ్చని అతను నిబంధనల్లో దారి కనిపెట్టాడు. రోజుకు పదిసార్లు భోజనాల బల్ల మీద ఈ చివర్నుంచి ఆ చివరికి గిన్నె జరుపుకుని ఫారాలు నింపుకునేవారు. పన్నెండో రోజున అతను స్పందన గడిలో సాంబారు గురించి తన మనసులో ఇరవై ఆరేళ్లుగా ఉన్నది నిజాయితీగా రాశాడు. అలమేలు చదివింది. ఆ సాయంత్రం నుంచి అతను భోజనానికి హోటలుకు వెళ్లేవాడు. సంభాషణ లోతుగా సాగుతున్నదని నివేదికలో రాశారు.

గిన్నెలు సక్రమంగా తిరుగుతున్నాయో లేదో చూడ్డానికి ప్రతి మెట్ల దగ్గరా గిన్నె మిత్రుడు అనే స్వచ్ఛంద సేవకుణ్ణి పెట్టాలనుకున్నారు. మొదటి ఆదివారం స్వచ్ఛందంగా ఎవరూ రాలేదు. అందుచేత వంతులు వేసి పేర్లు గోడకంటించారు. "ఫలానా తేదీన మీరు స్వచ్ఛందంగా హాజరు కానందుకు సంజాయిషీ తెలుపగలరు" అన్న కాగితాలు పంపాక సేవాభావం పెరిగింది. పచ్చ బ్యాడ్జీలు పెట్టుకుని, మెట్ల మీద కుర్చీలేసుకుని, గిన్నె పట్టుకుని పోయే ఆడవాళ్లను ఆపి మూత తీసి చూసేవారు. మెట్ల మీద కుర్చీ వచ్చాక ఐదింటి టీకి చోటు లేకుండా పోయింది. భీమేశ్వరరావుగారికి తీరికా లేదు. సాహుగారు రెండు మూడు రోజులు గ్లాసులు పట్టుకుని తలుపు దాకా వచ్చి, ఈయన ఫైళ్లలో ఉండడం చూసి వెళ్లిపోయారు.

కళల విభాగం దగ్గర ఇంకో ముచ్చట జరిగింది. శనివారం భజనలకు పంతొమ్మిదేళ్లుగా ఢోలక్ వాయించేది సాహుగారే. ఎవరి కళను వారే ప్రదర్శించాలని, ఇతరుల కళను ప్రదర్శించడం హద్దు దాటడమేనని తొమ్మిదో నిబంధన. కాబట్టి తెలుగు భజనకు తెలుగువాడే వాయించాలి, సాహుగారు ఒడియా నృత్యం చేయాలి. ఆయన తనకు నృత్యం రాదని, మోకాళ్లు నొప్పులని, వచ్చిందల్లా క్రేను నడపడమేనని మెల్లగా చెప్పారు. రాకపోయినా అది మీదేనని భీమేశ్వరరావుగారు ధైర్యం చెప్పారు.

సాహుగారు ఢోలక్ తెచ్చి సంఘం బల్ల మీద పెట్టారు. "ఇది నాది కాదని తెలీక ఇన్నేళ్లూ వాయించేశానండీ" అన్నారు.

ఆయన బాధపడ్డారు. చూసేవాడెవడికైనా తెలుస్తుంది. భీమేశ్వరరావుగారు అది చమత్కారమనుకుని నవ్వి, రికార్డులో సానుకూల స్పందన అని రాసుకున్నారు. ఆ శనివారం ఢోలక్ పైడిరాజు వాయించాడు. తలుపు కొట్టినట్టు ఉండడంతో ఇద్దరు ముగ్గురు లేచి వెళ్లి తలుపు తీసి చూశారు.

తనిఖీకి తేదీ ఖాయమైంది. ఇక భీమేశ్వరరావుగారికి తిండీ నిద్రా లేవు. పైడిరాజు కాగితాలు కట్టలు కట్టలుగా తేవడం, టిక్కులున్న చోటల్లా ఈయన సంతకాలు పెట్టడం. కనకం రెండుసార్లు ఏదో చెప్పబోయింది. ఏదున్నా రాతపూర్వకంగా పెట్టమన్నారు.

తనిఖీ రోజు సర్వోత్తమరావుగారు జీపు దిగారు. వెనక జీపులో అట్టపెట్టెలు. సంఘం హాల్లో రిజిస్టర్లు గోడ వెంబడి నడుము ఎత్తున పేర్చి ఉన్నాయి. ఆయన ఒకటి తీసి, తెరవకుండా, రెండు చేతులతో బరువు చూసి తృప్తిగా తలాడించారు. తరవాత కుర్చీలో వెనక్కి వాలారు.

"సేవ, కళలు అనే రెండు స్తంభాలూ సంతృప్తికరం. సంభాషణ అనే మూడవ స్తంభాన్ని ప్రత్యక్షంగా పరిశీలించవలసి ఉన్నది. ఒక నమూనా సంభాషణను ఏర్పాటు చేయగలరు."

పైడిరాజు రికార్డులు తిరగేసి, అందరికంటే పాత సంబంధం కార్యదర్శిగారి ఇంటికీ ఎదురింటికీ మధ్యే ఉందని తేల్చాడు. వేదిక మీద రెండు కుర్చీలు ఎదురెదురుగా వేశారు. ఒకదానికి తెలుగు అని, రెండోదానికి ఒడియా అని అట్టముక్కలు కట్టారు. కబురందుకుని సాహుగారు చేతిసంచీతో వచ్చారు. గడ్డం బాగా పెరిగి ఉంది. నృత్యానికేమో వేషం కడుతున్నారు కాబోలని భీమేశ్వరరావుగారు సంతోషించారు.

సాహుగారు కూర్చుంటూనే తెలుగులో మాట్లాడవచ్చునా అని అడిగారు. సర్వోత్తమరావుగారు వారించారు. "మీరు ఒడియా కుటుంబంగా నమోదై ఉన్నారు. మీరు కూడా తెలుగే మాట్లాడితే బహుళత్వమును మేము ఎక్కడ చూపించాలి?"

సరేనని సాహుగారు ఒడియాలోనే మాట్లాడారు. గొంతు పెంచలేదు. అధికారి వైపు గాని, జనం వైపు గాని చూడలేదు. ఎదురుగా ఉన్న స్నేహితుడి మొహంలోకి చూస్తూ నాలుగు మాటలు చెప్పారు. "కుముదినీర నఅ దిన హెలా జ్వర." తరవాత ఇంకేదో అన్నారు.

ఇప్పుడు తెలుగు కుర్చీ స్పందించాలి. భీమేశ్వరరావుగారి చేతిలో కార్డు ఉంది. దాని మీద పెన్సిల్ టిక్కు ఉంది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని గట్టిగా చదివారు.

"మీరు వెలిబుచ్చిన విషయం నన్ను ఎంతగానో అలరించింది. ఇటువంటివి మరిన్ని జరగాలని ఆకాంక్షిస్తున్నాను."

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్య, ఇందాక చెవిలో పడిన మాటలు మెల్లగా ఆయన బుర్రలోకి దిగాయి. కుముదిని. నఅ దిన, తొమ్మిది రోజులు. జ్వర. ఇంటర్ప్రిటరు అక్కర్లేని మాటలు. ఆయన నోరు తెరిచారు గాని, కార్డు మీద ఇంకేమీ రాసి లేదు. పంతొమ్మిదేళ్ల స్నేహంలో ఇంత సిగ్గు ఆయన ఎప్పుడూ పడలేదు.

సాహుగారు చేతిసంచీలోంచి సొట్టపడిన గిన్నె తీసి బల్ల మీద పెట్టారు. శుభ్రంగా తోమి ఉంది. "గిన్నె ఇచ్చేశానని రాసుకోండి" అన్నారు, తెలుగులోనే. అని హాల్లోంచి వెళ్లిపోయారు.

పైడిరాజు వంగి లోపలికి చూశాడు. "ఏటీ లేదు సార్" అన్నాడు. ఏడో నిబంధన ఎదురుగా గోడ మీద పెద్దక్షరాల్లో ఉంది. తనిఖీ అధికారి కళ్ల ముందు కాలనీలో మొట్టమొదటి ఖాళీ గిన్నె. సర్వోత్తమరావుగారు ఊరికే అధికారి కాలేదు. గిన్నెను ఎత్తి, వెలుతురుకు పట్టి, నిదానంగా దించారు.

"ఖాళీ కూడా ఒక సాంస్కృతిక వ్యక్తీకరణే. వంటకం గడిలో శూన్యం అని నమోదు చేయగలరు. స్పందన నలభై మాటలు మాత్రం ఉండాలి."

పురస్కారం అక్కడికక్కడే ప్రకటించారు. అట్టపెట్టెలు విప్పితే తొంభై ఆరు కొత్త స్టీలు గిన్నెలున్నాయి. ప్రతి దాని మీదా పథకం పేరు, దాని కింద సర్వోత్తమరావుగారి పేరు చెక్కి ఉన్నాయి. ఇకపై ఇంటికి రెండేసి గిన్నెలు తిరగవచ్చునని ఆయన చెప్పినప్పుడు వెనక వరసలో ఒక బెంగాలీ పెద్దావిడ కళ్లు తుడుచుకుంది. ఆనందబాష్పాలని రాసుకున్నారు.

భీమేశ్వరరావుగారు ఒక చేత్తో కొత్త గిన్నె, ఒక చేత్తో పాత గిన్నె పట్టుకుని ఇంటికొచ్చారు. కనకం వంటింట్లో గంజి కాస్తోంది. ఆవిడ పాత గిన్నె చూసింది, లోపల చూసింది, మళ్లీ గంజిలో గరిట తిప్పసాగింది. అదే ఆయనకు కష్టమనిపించింది.

"ఆవిడకి తొమ్మిది రోజులుగా జ్వరమట. నాకు చెప్పలేదేం?" అన్నారు.

"టైఫాయిడు. ఐదో రోజున గంజి పట్టుకెళ్లాను. సాహుగారు గుమ్మంలోనే ఆపేశారు. ఉన్న గిన్నె నాలుగు రోజులైనా తిరిగివ్వలేదని మీ సంఘం కాగితం పంపిందట. మీ ఇల్లు సమ్మిళితం కాదని ఎందుకు ప్రకటించకూడదో చెప్పమని అడిగారట. ఇది కూడా తీసుకుంటే ఇంకో కాగితం వస్తుంది, వద్దమ్మా అన్నారు. ఆ కాగితం కింద సంతకం మీదే."

"నువ్వు నాతో ఒక్క మాట అనాల్సింది."

"నోటితో చెబితే మీరెప్పుడు విన్నారు? రాసిచ్చాను. చూసుకోండి."

ఆయన బల్ల దగ్గరికి వెళ్లి కట్టలు విప్పారు. అన్నిటికంటే అడుగున దొరికింది. విషయం: ఎదురింటికి గంజి తీసుకెళ్లుటకు అనుమతి కోరుట. సూచిక: లేదు. కింద కనకం గుండ్రటి అక్షరాలు. రోగి మంచం మీదనుంచి లేవలేకపోతున్నదని, ఇంట్లో వండేవాళ్లు లేరని, దయచేసి వెంటనే అనుమతించగలరని. వెనక్కి తిప్పితే బాత్రూము లైటు గురించి తానే రాసిన సర్క్యులరు. ముందువైపు అంచున పెన్సిల్ టిక్కు. టిక్కు పక్కన తన చేతిరాత: "పరిశీలించి తగు చర్య నిమిత్తం సంభాషణ ఉపసంఘమునకు." ఉపసంఘం అధ్యక్షుడు తనే. కాగితం తన బల్ల మీంచి తన బల్ల మీదికే వెళ్లి నాలుగు రోజులుగా పడి ఉంది.

ఆయన కుర్చీలో కూలబడ్డారు. ముప్ఫై నాలుగేళ్లలో ఇలాంటి కాగితాలు ఇంకెన్నిటి మీద సంతకం పెట్టి ఉంటానో అన్న ఆలోచన వచ్చింది. వచ్చిన ఆలోచనను పక్కన పెట్టడానికి ఈసారి ఫైలేదీ దొరకలేదు.

కనకం గంజి గిన్నెకు మూతపెట్టి, కొంగు దోపుకుని, అనుమతి కోసం ఆగకుండా ఎదురింట్లోకి వెళ్లిపోయింది. మెట్ల దగ్గరున్న గిన్నె మిత్రుడు లేచి ఏదో అనబోయి, ఆవిడ మొహం చూసి కూర్చున్నాడు.

భీమేశ్వరరావుగారు కాసేపటికి లేచారు. కాగితం తీసి విషయం అని రాసి, అక్కడే ఆగిపోయారు. క్షమాపణ కోరుటకు నమూనా ఆయన దగ్గర లేదు. గడియారం ఐదు చూపిస్తోంది. కాగితం ఉండచుట్టి పారేసి, కొత్త గిన్నె వదిలేసి, సొట్టపడిన గిన్నె పట్టుకుని గుమ్మం దాటారు.

"సార్, ఖాళీ గిన్నె" అన్నాడు గిన్నె మిత్రుడు లేచి నిలబడి.

"రాసుకోవయ్యా. నా పేరే రాసుకో."

సాహుగారు తలుపు తీశారు. లోపల కనకం కుముదినిగారి మంచం పక్కన కూర్చుని చెంచాతో గంజి పట్టిస్తోంది. సాహుగారు పక్కకు తప్పుకోలేదు, రమ్మనలేదు. ఎదుటి మనిషి చేతిలో గిన్నె చూశారు.

"ఖాళీ గిన్నెతో వచ్చారు."

"అవునండీ. ఇవ్వడానికి నా దగ్గరేమీ లేదు. అడగడానికొచ్చాను" అన్నారు భీమేశ్వరరావుగారు. గిన్నె ముందుకు చాపి, "అల్లం ఉంటే ఒక ముక్క పెట్టండి. ఇవాళ టీ నేను పెడతాను" అన్నారు.

పోర్టు వైపు ఓడ కూత పెట్టింది. అది ఎటు పోతోందో సాహుగారు చెప్పలేదు, ఈయనా ఊఁ అనలేదు. లోపల్నుంచి కుముదినిగారి నీరసపు గొంతు వినబడింది.

"ఎవరూ? కమిటీ వాళ్లా?"

సాహుగారు గిన్నె అందుకున్నారు. "కాదు. ఎదురింటాయన. అల్లం కావాలట."

"తొక్క తీసి ఇవ్వండి" అంది ఆవిడ. "ఆయనకి అది కూడా రాదు."